రేకు మీద పేరు

ఇది ఒక ప్రతీకార మహాగాథ. ఇందులో అన్యాయంగా పడిన నింద ఉంది, పదవి ఊడటం ఉంది, ఏడు వారాల అజ్ఞాతవాసం ఉంది, చివర్లో శత్రువును అందరి ముందు నిలదీసే ఘట్టం ఉంది. చదివేవాళ్ళు కొంచెం నిటారుగా కూర్చోవాలి.

ఇక నిజం చెబుతాను. ఇది నాచారంలో ఒక రేకుల షెడ్డులో, ఒక మిల్లింగ్ మిషన్ టేబుల్ ఎడమ వైపుకు కదలకపోవడం గురించి. కుడి వైపుకు బాగానే కదిలేది. మళ్ళీ వాలి కూర్చోవచ్చు.

శత్రువు మా షెడ్డు ఫోర్‌మన్. పేరు రాయను. పేరు రాయడం ఎంత పెద్ద శిక్షో నాకు నేర్పింది అతనే. రాయకపోవడం ఇంకా పెద్ద శిక్ష అని నా అంతట నేనే కనిపెట్టాను. మల్కాజిగిరి నుంచి వచ్చేవాడు. షెడ్డులో అందరం అతన్ని మామ అనేవాళ్ళం. అతనికంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడైన మా యజమాని కూడా మామ అనేవాడు.

అతను చనిపోయాడని నాకు పోయిన వారమే తెలిసింది. ఎలా తెలిసిందో చివర్లో చెబుతాను. వినగానే కలిగింది దుఃఖం కాదు. నేను బ్యాటింగ్‌కు దిగే సమయానికి బ్యాటు చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయినవాడి మీద ఎలాంటి కోపం వస్తుందో, అలాంటి కోపం వచ్చింది.

మనిషి పొట్టి, వీపు మాత్రం వెడల్పు. నేను అతన్ని ఎక్కువగా చూసింది ఆ వీపు వైపు నుంచే. ఏ మిషన్ విప్పినా మా వైపు వీపు తిప్పి, లోపల ఏం చేస్తున్నాడో కనపడకుండా కూర్చునేవాడు. విప్పే ముందు చేతి గడియారం తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. తర్వాత మూత తెరిచి, రెండుసార్లు వాసన చూసేవాడు. ఇంకొకడైతే మీటర్ పెట్టి చూస్తాడు. ఇతను బిర్యానీ గిన్నె మూత తీసినట్టు ముక్కు పెట్టేవాడు. "కాలింది" అనేవాడు. ప్రతిసారీ కాలిందే. రోజూ పొద్దున్నే ప్యానెల్ బోర్డు మీది దేవుడి పటాలకు అతను వెలిగించే అగరబత్తి తప్ప ఆ షెడ్డులో నిజంగా కాలినది ఏదీ లేదని నా అనుమానం.

వైర్లు కట్టడానికి ప్లాస్టిక్ పట్టీలు వాడేవాడు కాదు. మైనం పట్టించిన దారంతో రెండు ముళ్ళు వేసి, మూడో ముడి తిరగేసి వేసేవాడు. ఆ ముడిని గోటితో విప్పడం ఎవరి వల్లా కాలేదు. నేను ప్రయత్నించాను, అందుకే తెలుసు.

మిషన్ ఆగితే ఎవరైనా "ఏమైంది" అని అడుగుతారు. అతని మొదటి ప్రశ్న "ఎవడు పట్టుకున్నడు?" రెండో ప్రశ్న ఉండేది కాదు. ఎవరైనా సంజాయిషీ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఒకే మాట అనేవాడు.

"మిషన్ అబద్ధం చెప్పదు రా. ఆపరేటర్ చెప్తడు."

ఇక రేకు సంగతి. పాత ప్యానెల్ తలుపు ఒకటి, మనిషి నడుమంత ఎత్తుది, గోడకు వేలాడదీసి ఉండేది. మిషన్ ఎవరి చేతిలో చెడిపోతే వాళ్ళ పేరు దాని మీద సుద్దతో రాసేవాడు. ఎన్ని రోజులుండాలో లెక్క లేదు. ఇంకొకరి చేతిలో ఇంకొకటి చెడేదాకా ఉంటుంది. దాంతో పేరు పడినవాడు తప్ప మిగతావాళ్ళందరూ మిషన్లను పసిపిల్లల్లా చూసుకునేవారు. పేరు పడినవాడు మాత్రం పొద్దున్నే వచ్చి, ఇవాళ ఎవరైనా ఏదైనా పగలగొడితే బాగుండునని మొక్కుకునేవాడు.

నేను ఐటీఐ చేసి, ఉప్పల్ డిపో వెనక గది తీసుకుని, ఆ షెడ్డులో మిల్లింగ్ ఆపరేటర్‌గా చేరాను. మిల్లింగ్ మిషన్‌లో టేబుల్‌ను చేత్తో తిప్పితే సాయంత్రానికి భుజం మాట వినదు. అందుకని టేబుల్ పక్కన ఒక ఎలక్ట్రానిక్ డబ్బా బిగిస్తారు. దాని పేరు పవర్ ఫీడ్. లివర్ కుడికి వేస్తే మోటారు టేబుల్‌ను కుడికి నడుపుతుంది, ఎడమకు వేస్తే ఎడమకు. ఆపరేటర్ చేతులు కట్టుకుని చూడొచ్చు. నా వృత్తి జీవితంలో అంత గౌరవంగా నిలబడింది ఆ డబ్బా పక్కనే.

చేరిన రెండో రోజు మామ నా దగ్గరకు వచ్చి నా అరచేతిని పట్టుకుని, కోత నడుస్తున్న టేబుల్ మీద పెట్టించాడు. తను కళ్ళు మూసుకున్నాడు.

"ఏమంటున్నది?"

"ఏమంటలేదు మామ, వణుకుతున్నది."

"గదే మాట్లాడుడు. రోజు చెయ్యి పెట్టు. రెండేండ్లకు తెలుస్తది."

రెండేళ్ళు ఎవరు ఆగుతారు. నాకు మూడో నెలలోనే తెలియాల్సింది తెలిసింది.

ఒక సోమవారం పొద్దున లివర్ ఎడమకు వేశాను. దీపం వెలుగుతోంది, టేబుల్ కదల్లేదు. కుడికి వేస్తే కదిలింది. మళ్ళీ ఎడమకు వేస్తే మొండికేసింది. మామ వచ్చాడు. గడియారం జేబులోకి, వీపు మా వైపుకు, ముక్కు డబ్బాలోకి.

"ఎవడు పట్టుకున్నడు?"

"నేనే మామ. పట్టుకునేది నేనే గదా."

"లాకు ఇప్పకుండ ఫీడు ఏసినవా?"

టేబుల్ కదలకుండా బిగించే లాకు ఒకటుంటుంది. అది విప్పకుండా ఫీడ్ వేస్తే మోటారు మీద భారం పడి బోర్డు కాలుతుంది. "ఇవ్వాళ ఎయ్యలే" అన్నాను. అక్కడే తప్పు చేశాను.

"ఇవ్వాళ ఎయ్యలే. మరి ఎన్నడు ఏసినవ్?"

"చేరిన కొత్తల ఒక్కపారి. గది కూడ రెండు నిమిషాలు."

"అగో" అన్నాడు మామ, అందరి వైపూ తిరిగి. "సగం బోర్డు కాలింది. ఎడమ సగం."

బోర్డు ఎడమ సగం కాలడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఎడమ వైపు మెడ నొప్పి అన్నంత సహజంగా అన్నాడు, అందరూ తలలూపారు. పావుగంటలో రేకు మీద నా పేరు పడింది. "నరేశ్ - ఫీడు కాల్చిండు." నా పేరు అంత గుండ్రటి అక్షరాలతో నా పెళ్ళి శుభలేఖలో కూడా పడదు.

నన్ను మిల్లింగ్ నుంచి తీసి ఆకురాయి బల్ల దగ్గర వేశారు. కోసిన ముక్కల అంచులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆకురాయితో రుద్దడం. నా మిషన్ మీదికి యాదగిరి అన్న వచ్చాడు. చెంగిచెర్ల మనిషి, అసలు పని లేత్ మీద. మధ్యాహ్నం నా పక్కన కూర్చుని ఓదార్చాడు.

"ఫికర్ జెయ్యకు తమ్మీ. నేను డ్రిల్లు మిషన్ బెల్టు తెంపినప్పుడు నా పేరు పదకొండు రోజులున్నది."

"తర్వాత?"

"దేవుని దయ. ఇంకొకడు వైస్ పగలగొట్టిండు."

అదే మధ్యాహ్నం మామ సర్వపిండి తెచ్చాడు. తెచ్చినప్పుడల్లా కొలిచి కోసినట్టు ముక్కలు చేసి అందరికీ పంచేవాడు. రేకు మీద పేరున్నవాడికి కూడా, అంతే ముక్క. అది ఇంకా ఘోరం. శత్రువు పెట్టిన సర్వపిండి రుచిగా ఉంటే మనిషి ఏం చేయాలి? నేను తిన్నాను. కోపంగా తిన్నాను.

కొత్త బోర్డు తెప్పించి బిగించాడు. డబ్బా విప్పి, కుదిపి, తట్టి, ముళ్ళు వేసి మూసేసరికి టేబుల్ రెండు వైపులా కదిలింది. "సూసిన్రా" అన్నాడు. తర్వాతి సోమవారం మళ్ళీ ఎడమకు కదల్లేదు. ఇప్పుడు మిషన్ పట్టుకున్నది యాదగిరి అన్న. రేకు మీద పేరు మారాలి. నేను ఆకురాయి పక్కన పెట్టి ఆశగా చూశాను.

"కొత్త బోర్డుకు పాత రోగం అంటింది" అన్నాడు మామ. "నరేశ్ జేసిన డ్యామేజే ఇది, ఇంక తిరుగుతున్నది."

నా పేరు అలాగే ఉంది. పైగా కాస్త మసకబారిందని సుద్దతో దిద్దాడు.

ఇక్కడి నుంచి హాస్యం తగ్గింది. వేరే షెడ్డులో మిల్లింగ్ పని ఉందని తెలిసి ఒక సాయంత్రం వెళ్ళాను. అక్కడి యజమాని నన్ను కిందికీ పైకీ చూసి, "గా ఫీడు కాల్చినోడివి నువ్వేనా?" అన్నాడు. కాదన్నాను. "మామ ఉత్తగ అనడు గదా" అన్నాడు. నాచారంలో మామ మాటకు అంత బరువుంది. సగం షెడ్ల మిషన్లు ఎప్పుడో ఒకప్పుడు అతని ముక్కు కిందికి వచ్చినవే. ఇక్కడ మా యజమాని సార్ కూడా, పవర్ ఫీడ్ ఒక కొలిక్కి రాగానే కొత్త మిల్లింగ్ ఆపరేటర్‌ను చూస్తానని చెప్పేశాడు. అంటే నేను ఆకురాయికి ఖాయం. నాకు వచ్చిన పని ఒక్కటే, ఆ పనికి పనికిరానని గోడ మీద రాసి ఉంది.

ఆ రోజు నుంచి నేను రెండు పనులు చేశాను. ఒకటి, అంచులు రుద్దడం. రెండు, మామను నాశనం చేయడం ఎలాగో ఆలోచించడం. రెండో పని వల్ల మొదటి పని బాగా వచ్చేది. ఆ వారాల్లో మా షెడ్డు నుంచి వెళ్ళిన ముక్కల అంచులంత నునుపు మళ్ళీ ఎప్పుడూ లేదని యాదగిరి అన్న ఇప్పటికీ అంటాడు.

ఆకురాయి బల్లకు ఒక సుగుణం ఉంది. అక్కడ కూర్చుంటే షెడ్డంతా కనపడుతుంది. నాకు కనపడింది ఇది. ఫీడ్ చెడేది ప్రతి సోమవారం. మంగళవారం నాటికి యాదగిరి అన్న పిడికిలితో నాలుగు పోట్లు పొడిస్తే బాగయ్యేది. శుక్రవారం నాటికి అసలు జబ్బే లేనట్టు ఉండేది. కాలిన బోర్డు వారం చూసుకుని కాలదు. ఈ మాట మామతో అంటే, "సోమవారం మీరు ఎట్ల వస్తరో నాకు ఎరుక లేదా? ఆదివారం తాగింది దిగకముందే వస్తరు" అన్నాడు. నేను తాగను. యాదగిరి అన్న తాగుతాడు, కానీ ఆ వారం మాల వేసుకుని ఉన్నాడు.

సోమవారానికి ముందు వచ్చేది శనివారం. శనివారం సాయంత్రం నాలుగింటికి మామ చేసే పూజ ఒకటుంది. ముక్కుకు రుమాలు కట్టి, మమ్మల్నందరినీ బయటకు పంపి, కంప్రెసర్ గొట్టానికున్న గాలి గన్ను పట్టుకుని మిషన్లన్నిటినీ తనే శుభ్రం చేసేవాడు. ఆ గన్ను ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. లోపల తుఫాను వచ్చినట్టు చప్పుడు. బయటకు వచ్చేటప్పుడు కనుబొమలు నల్లగా, ముఖం సంతోషంగా ఉండేది. నా మిషన్ వంతు చివర్న. గొట్టం పొడవు సరిపోక, ఎడమ వైపు నుంచి, మోకాలి మీద కూర్చుని, కింది నుంచి పైకి కొట్టేవాడు. ఒక శనివారం తలుపు సందులోంచి చూశాను. తల్లి బిడ్డ చెవి వెనక సబ్బు రుద్దినంత శ్రద్ధగా కొడుతున్నాడు.

మేం కోసేది బీడు ఇనుము. దాని పొడి కాటుకలా ఉంటుంది, ఎక్కడికైనా దూరుతుంది. టేబుల్ కింద ఎడమ చివర ఒక చిన్న స్విచ్చుంటుంది. టేబుల్ చివరికి వచ్చినప్పుడు దాని బొత్తాం నొక్కుకుని మోటారు ఆగుతుంది, లేకపోతే టేబుల్ వెళ్ళి కొట్టుకుంటుంది. ఆ బొత్తాం పొడి పట్టి లోపలే ఇరుక్కుపోతే? టేబుల్ నడుమ ఉన్నా, చివరికి వచ్చేసిందనే మిషన్ చెబుతుంది. ఎడమకు కదలదు. కుడికి కదులుతుంది, ఎందుకంటే కుడి బొత్తాం వేరే. పోట్లు పొడిస్తే పొడి వదులవుతుంది. శనివారం గాలితో మళ్ళీ నిండుతుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాయాలి. బాగానే పట్టింది. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకున్నాను.

సోమవారం పొద్దున ఉప్పల్ బస్టాపులో నిలబడి డైలాగులు వల్లెవేసుకున్నాను. పెదవులు కదులుతుంటే పక్కనున్నావిడ, మంత్రాలనుకుందేమో, సంచీతో సహా అడుగు దూరం జరిగింది. జేబులో ఒక తెల్ల కాగితం, పాత స్పీకర్ నుంచి పీకిన అయస్కాంతం ఒకటి, సుద్ద ముక్క ఒకటి ఉన్నాయి. చివరి డైలాగు బ్రహ్మాండంగా కుదిరింది. "మిషన్ కూడ అబద్ధం చెప్తది మామ. నేనే చెప్పలే." చెప్పి, రెండు క్షణాలు ఆగి, సుద్ద ముక్క అతని చేతిలో పెట్టాలి.

షెడ్డులో ఆ రోజు పంపు బేస్ ప్లేట్లు అర్జంటు. సార్ పక్కనే నిలబడి ఉన్నాడు. యాదగిరి అన్న లివర్ ఎడమకు వేశాడు. టేబుల్ తన సోమవారం వ్రతం తప్పలేదు.

"మళ్ళ ఏమైంది మామ?" అన్నాడు సార్.

"ఎవడు పట్టుకున్నడు?" అన్నాడు మామ.

నేను ఆకురాయి కింద పెట్టి లేచాను. "మామ, జర ఒక మాట. టేబుల్ ఎక్కడున్నది?"

"కండ్లు లేవా? నడుమల ఉన్నది."

"మరి మిషన్ ఏమంటున్నది? చివరికి వచ్చిన అంటున్నది. సూడు."

వంగి, స్విచ్చు రెండు స్క్రూలు విప్పాను. బొత్తాం లోపలికి పోయి ఉంది, ఎవరూ నొక్కకుండానే. కాగితం మీద తట్టాను. చిటికెడు నల్లపొడి పడింది. కింద అయస్కాంతం పెట్టగానే పొడి వెంట్రుకల్లా లేచి నిలబడింది. అందరూ దగ్గరికి వచ్చారు. ఇంతవరకూ అనుకున్నట్టే జరిగింది.

"కట్టర్ కోసే పొడి ఇక్కడ పడది సార్. కట్టర్ పైన, ఇది కింద. కింద నుంచి ఎవరో ఒకరు పైకి కొట్టాలె. గాలితోని."

అందరి చూపూ మెల్లగా గోడ వైపు, మేకుకు వేలాడుతున్న గాలి గన్ను వైపు తిరిగింది. తర్వాత మామ వైపు. ఏడు వారాలు నేను ఎదురుచూసిన క్షణం ఇదే. ఊపిరి పీల్చుకుని చివరి డైలాగు అందుకున్నాను.

కంప్రెసర్ మొదలైంది. ట్యాంకులో గాలి తగ్గితే దానంతట అదే మొదలవుతుంది. మొదలైతే రెండు నిమిషాలు పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. నా నోరు కదలడం అందరూ చూశారు. యాదగిరి అన్న చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఆ?" అన్నాడు.

చప్పుడు ఆగేసరికి మామ కాగితం తన చేతిలోకి తీసుకున్నాడు. గడియారం జేబులోకి వెళ్ళింది. పొడిని వేళ్ళ మధ్య నలిపాడు. రెండుసార్లు వాసన చూశాడు. అతని వీపు కాక ముఖం అంతసేపు నేను చూడటం అదే మొదటిసారి. ఆ ముఖంలో ఏముందో చెబితే బాగుంటుంది కానీ, నల్లపొడి తప్ప నాకేమీ కనపడలేదు.

"స్విచ్చు నకిలీది" అన్నాడు.

రేకు దగ్గరికి వెళ్ళి, మోచేత్తో నా పేరు తుడిచి, సుద్ద తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాశాడు. "స్విచ్చు."

"సరే, పని కానియ్యున్రి" అని సార్ వెళ్ళిపోయాడు. యాదగిరి అన్న లేత్ మీదికి, నేను నా మిషన్ మీదికి వెళ్ళాం. నా చేతిలో ఒక సుద్ద ముక్క మిగిలింది.

ఆ శనివారం నాలుగింటికి మామ రుమాలు కట్టుకున్నాడు. చేతిలో గాలి గన్ను లేదు. రెండంగుళాల పెయింట్ బ్రష్ ఉంది. ఒక్కొక్క మిషన్‌నూ ఊడ్చుకుంటూ నా దాని దగ్గరికి వచ్చి, మోకాలి మీద కూర్చుని, సైకిల్ ట్యూబు ముక్క ఒకటి ఆ స్విచ్చుకు తొడిగి, దారంతో రెండు ముళ్ళు వేసి, మూడోది తిరగేసి కట్టాడు. నేను కళ్ళార్పకుండా చూస్తున్నాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటాడని.

"ఏం సూస్తున్నవ్? పని లేదా?" అన్నాడు.

అన్నది అదే.

ఏడాది తర్వాత నేను ఆ షెడ్డు మానేశాను. ఇప్పుడు బండి మీద తిరుగుతూ పవర్ ఫీడ్‌లు బాగుచేస్తాను. మూత తీయగానే నేనూ వాసన చూస్తాను. దాన్ని వారసత్వం అనుకోవద్దు, జలుబుందో లేదో తెలుస్తుందని.

పోయిన వారం నాచారంలోనే, నేనెప్పుడూ వెళ్ళని ఒక షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. ఫీడ్ మోటారుకు కరెంటు అందించే బొగ్గు బ్రష్‌లు అరిగాయి, చిన్న పని. కింద చెయ్యి పెడితే ఎడమ స్విచ్చుకు సైకిల్ ట్యూబు తగిలింది. దారం ముడి గోటికి తెలిసింది. రెండు ముళ్ళు, మూడోది తిరగేసి.

"గీ ట్యూబు ఎవరు కట్టిన్రు?" అని అడిగాను.

"మల్కాజిగిరి మామ అన్నా" అన్నాడు ఆపరేటర్. నా వయసే ఉంటుంది. "రిటైర్ అయినంక స్కూటర్ మీద షెడ్డు షెడ్డు తిరిగి కట్టిండు. ఎవ్వరు పిలవకున్నా వచ్చేటోడు. పోయిండు గదా, మొన్న దసరా ముందు."

నా చెయ్యి ఇంకా ముడి మీదే ఉంది. ఒక్క క్షణం నా మహాగాథ ఎటు పోతోందో నాకే భయమేసింది. అదృష్టం, ఆపరేటర్ ఇంకా మాట్లాడుతున్నాడు.

"ఆయన కాడ ఒక ఆపరేటర్ ఉండెనట అన్నా. వానికి గాలి గన్ను అంటే మస్తు పిచ్చి. ఎంత చెప్పినా ఇనకపోయేదట. కొట్టి కొట్టి స్విచ్చుల పొడి నింపి, ఉత్తపుణ్యానికి ఒక బోర్డు మార్పిచ్చిండట. మామనే దొరకబట్టిండు."

"ఎవడు వాడు?"

"నరేశ్ అంట. మాకాడ ఎవడన్న గన్ను పట్టుకుంటే, 'నరేశ్ జెయ్యకు రా' అంటం. పక్క షెడ్డోళ్ళు కూడ గంతే అంటరు."

సుద్ద అయితే తుడవచ్చు. దీన్ని ఏ మోచేత్తో తుడవాలి? నాచారంలో ఎన్ని షెడ్లున్నాయో లెక్కపెట్టబోయి మానేశాను. అతను లేడు. కాగితం, అయస్కాంతం తీసుకుని ఎవరి ముందు నిలబడాలి. చేసిందంతా నా మీద వేసి, సైకిల్ ట్యూబులన్నీ తను కట్టి, తీరిగ్గా వెళ్ళిపోయాడు. పైగా గోడ మీద చూస్తే, ఆ షెడ్డు గాలి గన్ను మేకుకే ఉంది, దాని మీద దుమ్ము పట్టి ఉంది.

పని అయ్యాక ఆపరేటర్ ఫోన్ తీశాడు. "నంబర్ సేవ్ జేసుకుంట అన్నా. నీ పేరేంది?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. వినడానికి మనిషి ఉన్నాడు, కంప్రెసర్ ఆగి ఉంది.

"యాదగిరి" అన్నాను.

మిషన్ అబద్ధం చెప్పదని, ఆపరేటర్ చెప్తాడని అతను అంటూ ఉండేవాడు. మొదటి సగం తప్పని నిరూపించడానికి నాకు ఏడు వారాలు పట్టింది. రెండో సగం నిజమని ఒక్క మాటతో నిరూపించాను.

బీడు పొడిని గాలితో కొట్టకూడదు. రెండంగుళాల పెయింట్ బ్రష్ చాలు. వెంట్రుకలు రాలడం మొదలైతే కొత్తది కొనుక్కోవాలి.